అక్వేరియంతో ఇల్లు మారడం: నా అనుభవం

ఇల్లు మారే రోజున చేపలు చనిపోవడం అరుదు. బకెట్లో రెండు మూడు గంటల కుదుపును అవి బాగానే ఓర్చుకుంటాయి. కొత్త ఇంట్లో ట్యాంకు నిలబెట్టి, నీళ్లు నింపి, లైటు వేసి, హమ్మయ్య అనుకున్నాక మూడో రోజు నుంచి పదో రోజు లోపల అసలు నష్టం జరుగుతుంది. చేపలు నీటి పైభాగానికి చేరి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉంటాయి. మొప్పలు ఎర్రబడతాయి. మేత ముట్టవు. దీన్ని చాలామంది ప్రయాణపు బడలిక అనుకుంటారు. చాలాసార్లు అది అమోనియా. చేపలు విసర్జించే అమోనియాను ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నీటిలో చాలా తక్కువగా ఉంటుంది. ఫిల్టర్ స్పాంజికి, సిరామిక్ రింగులకు, గులకరాళ్లకు, చెక్కకు అంటుకుని బతుకుతుంది. అది దారిలో చచ్చిపోతే చేపలను సరికొత్త ట్యాంకులో వదిలినట్టే. అందుకే ఈ పని మొత్తంలో చేపల కంటే ఫిల్టర్ మీదే ఎక్కువ దృష్టి పెట్టాను.

ట్యాంకు 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. లెక్క ప్రకారం 243 లీటర్లు. పైన వదిలే ఖాళీ, గులకరాళ్లు, చెక్క ఆక్రమించే చోటు పోను నిజంగా ఉండేది 200 లీటర్ల నీళ్లు. 10 మిల్లీమీటర్ల అద్దం కాబట్టి ఖాళీ ట్యాంకే 50 కిలోల పైన ఉంటుంది. గులకరాళ్లు 35 కిలోలు. స్టాండు కాకుండానే మూడు వందల కిలోలకు దగ్గర. లోపల ఉండే చేపలు: 18 నియాన్ టెట్రాలు, 6 కోరిడోరస్‌లు, 2 పెర్ల్ గౌరామీలు, ఒక బ్రిసిల్‌నోస్ ప్లెకో. ఫిల్టర్ కానిస్టర్ రకం, అంటే ట్యాంకు బయట ఉండే మూసిన డబ్బా. ప్రయాణం గంటన్నరే. అయినా చేపను పట్టిన నిమిషం నుంచి మళ్లీ ట్యాంకులో వదిలేదాకా ఏడు గంటలు పట్టింది. ఎవరైనా ప్రయాణ సమయాన్ని కాకుండా ఈ మొత్తం సమయాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

పని మూడు వారాల ముందే మొదలైంది, నీళ్లతో. పాత ఇంటి నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 180, కొత్త ఇంటి నీళ్లది 420. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) కూడా 7.0 నుంచి 7.8కి పోతుంది. ఇంత తేడాను ఒక్క పూటలో చేపల మీద రుద్దడం సరికాదు. కొత్త ఇంటి నుంచి వారానికి రెండు 20 లీటర్ల క్యాన్లు తెచ్చి, ప్రతి వారం మార్చే 40 లీటర్ల బదులు ఆ నీళ్లే పోశాను. మొదటి వారం టీడీఎస్ 228 అయింది, రెండో వారం 266, మూడో వారం 297. చేపలు ఇల్లు మారకముందే సగం దూరం వచ్చేశాయన్నమాట. తేడా పెద్దగా లేకపోతే ఇది అక్కర్లేదు. కానీ ఆ సంగతి తెలియాలంటే కొత్త ఇంటి కుళాయి నీళ్లను ముందుగానే పరీక్షించాలి. ట్యాంకు తీసుకెళ్లాక పరీక్షిస్తే చేసేదేమీ ఉండదు. అదే సమయంలో క్లోరిన్ సంగతి కూడా చూసుకోవాలి. మామూలు క్లోరిన్ అయితే ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి ఒక రోజు ఉంచితే పోతుంది. క్లోరమిన్ (క్లోరిన్, అమోనియా కలిసినది) అలా పోదు, దానికి యాంటీ క్లోరిన్ మందే వేయాలి. వేసినా క్లోరిన్ విడిపోయి అమోనియా మిగులుతుంది కాబట్టి, అమోనియాను కూడా బంధించే రకం మందు ఎంచుకోవాలి.

కొత్త ఇంట్లో చోటు కూడా ముందే తేల్చుకున్నాను. ఎండ నేరుగా పడే కిటికీకి ఎదురుగా వద్దు, పాచి ఆగదు. పై అంతస్తైతే గది మధ్యలో కాకుండా, కింద గోడో దూలమో ఉన్న చోట గోడ వెంబడి పెట్టాలి. స్టాండును రసమట్టంతో రెండు దిక్కులా చూసి, తేడా ఉంటే స్టాండు కాళ్ల కింద గట్టి పలకలు పెట్టి సరిచేయాలి. ట్యాంకు కింద చెక్కలు దూర్చి మట్టం చేస్తే బరువంతా ఒక మూల మీద పడి అద్దం పగులుతుంది. అడుగు అద్దం నేరుగా స్టాండు మీద కూర్చునే ట్యాంకు కింద పది మిల్లీమీటర్ల థర్మోకోల్ షీటు వేయాలి. ఇసుక రేణువంత మెరక ఉన్నా అది సర్దేస్తుంది. చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేము ఉండి, అడుగు అద్దం గాల్లో ఉండే రకానికి మాత్రం షీటు వేయకూడదు. బరువు ఫ్రేము మోయాలి, షీటు పైకి ఉబ్బి అడుగును నెడుతుంది.

చివరి వారంలో చేయకూడని పని ఒకటుంది. వెళ్లేముందు శుభ్రంగా కడిగేద్దామని ఫిల్టర్‌ను, గులకరాళ్లను, అద్దాన్ని ఒకేసారి తోమేయడం. అది బ్యాక్టీరియాకు మొదటి దెబ్బ, ప్రయాణం రెండో దెబ్బ. ఫిల్టర్‌ను నేను పది రోజుల ముందు, ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే తేలిగ్గా పిండి వదిలేశాను. ఆ తర్వాత ముట్టుకోలేదు.

మేత 36 గంటల ముందు ఆపేశాను. చిన్న చేపలకు ఒక రోజు చాలు. గోల్డ్‌ఫిష్, ఆస్కార్ లాంటి ఎక్కువ తిని ఎక్కువ విసర్జించే చేపలకు రెండు రోజులు ఆపాలి. పాపం ఆకలితో ఉంటాయని బయలుదేరే పొద్దున పిడికెడు మేత వేసే వాళ్లున్నారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం రోజులు తిండి లేకపోయినా ఉంటుంది. తిన్నది కక్కుకుని ఆ నీళ్లలోనే ఏడు గంటలు ఉండలేదు.

సామాన్లలో నిజంగా పనికొచ్చినవి: మూతలున్న 20 లీటర్ల బకెట్లు తొమ్మిది, 20 లీటర్ల క్యాన్లు ఆరు, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపులు మూడు, విడి బ్యాటరీలు, పాత దుప్పట్లు, థర్మోకోల్ షీట్లు, టెస్ట్ కిట్, అడ్హెసివ్ టేపు, మార్కర్ పెన్ను. బకెట్లు కొత్తవై ఉండాలి. ఒక్కసారి సబ్బు నీళ్లు పట్టిన బకెట్ ఎంత కడిగినా నేను చేపలకు వాడను. ప్రతి బకెట్ మీదా లోపల ఏముందో రాసి పెట్టుకోవాలి. కొత్త ఇంట్లో ఒకేలా ఉన్న పదిహేను డబ్బాల ముందు నిలబడ్డాక ఆ రాత విలువ తెలుస్తుంది.

ఇంటి సామాను మొత్తం ఎక్కాక చివర్లో అక్వేరియం విప్పాలి, కొత్త ఇంట్లో అన్నిటికంటే ముందు దాన్నే పెట్టాలి. విప్పే వరుసకు కారణాలున్నాయి. ముందు హీటర్ ప్లగ్ తీసి 20 నిమిషాలు నీళ్లలోనే ఉంచాలి. వేడి గాజుకు గాలి తగిలితే చిట్లుతుంది. ఆ తర్వాత, ఇంకా దేన్నీ కదపకముందే, పైనున్న తేట నీళ్లను పైపుతో ఆరు క్యాన్లలోకి తీశాను, 120 లీటర్లు. పాత నీళ్లలో బ్యాక్టీరియా ఉంటుందని కాదు ఇవి మోయడం. పీహెచ్, నీటి కాఠిన్యం ఒక్కసారిగా మారకుండా ఉండటానికి. 60 శాతం పాత నీళ్లు చాలు, మొత్తం మోయడం వృథా శ్రమ. చెక్క, రాళ్లు ముందే తీసుంటే మడ్డి లేచి ఈ నీళ్లు పాడయ్యేవి.

తర్వాత మొక్కలు. తడి వార్తాపత్రికల్లో చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కడితే ఒక రోజంతా వాడవు. చెక్కను తడి గుడ్డలో చుట్టాలి. ఎండితే దాని మీది బ్యాక్టీరియా పోతుంది, పైగా మళ్లీ నీళ్లలో వేయగానే తేలుతుంది. చెక్కను బయటికి తీసే ముందు దాని కంతలన్నీ వెతకాలి. ప్లెకో అందులోనే దాక్కుని ఉంటుంది.

నీళ్లు 15 సెంటీమీటర్లకు దిగాక, లోపల దాక్కోవడానికి ఏమీ లేనప్పుడు చేపలను పట్టాలి. నిండు ట్యాంకులో వలతో వెంటపడితే గంట పడుతుంది, చేప అలసిపోయి ప్రయాణానికి ముందే సగం ఓడిపోతుంది. లైట్లు ఆర్పి, రెండు వలలు పట్టుకుని, ఒకటి కదలకుండా ఉంచి రెండోదానితో నెమ్మదిగా అటు తోలడం మేలు. కోరిడోరస్‌లకూ ప్లెకోకూ రెక్కల మొదట్లో గట్టి ముళ్లుంటాయి. వలలో పడగానే వాటిని విప్పుతాయి, దారాల్లో చిక్కుకుంటాయి. లాగితే గాయమవుతుంది. వీటిని వల వాడకుండా ప్లాస్టిక్ డబ్బాతో నీళ్లతో సహా ముంచి తీశాను. ఆ ముళ్ల వల్లే వాటిని సంచిలో కూడా పెట్టకూడదు.

మూడు బకెట్లు, ఒక్కోదానిలో 12 లీటర్ల ట్యాంకు నీళ్లు. ఒకదానిలో టెట్రాలు, ఒకదానిలో గౌరామీలు, ఒకదానిలో కోరిడోరస్‌లు. ప్లెకోకు మూతకు చిల్లులు పెట్టిన ఐదు లీటర్ల డబ్బా విడిగా. కోరిడోరస్‌లు బాగా బెదిరితే మొప్పల దగ్గరి గ్రంథుల నుంచి విషం వదులుతాయి. చిన్న పాత్రలో అది వాటినే చంపుతుంది. అందుకే బకెట్లో వేసి పావుగంట ఆగి, నీళ్లు నురగగా కనిపిస్తే మార్చేయాలి. ఇక్కడ నురగ కనిపించింది, ఆరు లీటర్లు తీసి శుభ్రమైన ట్యాంకు నీళ్లు పోశాను. గౌరామీలు నీటిపైకి వచ్చి గాలి పీల్చుకునే చేపలు కాబట్టి నీటికీ మూతకూ మధ్య జానెడు ఖాళీ వదలాలి, అంచుదాకా నింపకూడదు. చేపలు ఎగరకుండా అన్నిటికీ మూత వేసి, మూతలోని కంత గుండా ఎయిర్ పైపు దింపి, బకెట్లను దుప్పట్లో చుట్టి చీకటిగా ఉంచాను. చీకట్లో చేప కదలదు, ఆక్సిజన్ తక్కువ వాడుకుంటుంది. బకెట్ అంచుకు కట్టిన థర్మామీటర్ 27 దగ్గర మొదలై చేరేసరికి 25.5 చూపింది. రెండు డిగ్రీల లోపు తేడా సమస్య కాదు.

ఇప్పుడు ఫిల్టర్. చేపలు పట్టేదాకా దాన్ని నడుస్తూనే ఉంచాలి. ఆపిన నిమిషం నుంచి గడియారం నడుస్తున్నట్టే. మూసి ఉన్న కానిస్టర్ లోపల నీళ్లు నిలిచిపోతే ఆ బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను త్వరగా తాగేస్తుంది. కొన్ని గంటల్లో లోపల ఊపిరాడక అది చావడం మొదలవుతుంది, దాని చోట ఆక్సిజన్ అక్కర్లేని రకాలు పెరుగుతాయి. కానిస్టర్‌ను అలాగే నీళ్లతో మూసి తీసుకెళ్లి, సాయంత్రం ప్లగ్ పెడితే, ఆ నిల్వ నీళ్లు, చచ్చిన బ్యాక్టీరియా అంతా ఒక్కసారిగా చేపల మీదికి వస్తుంది. ఇళ్లు మారేటప్పుడు జరిగే తప్పుల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది. చూడటానికి మాత్రం జాగ్రత్తగా మూసి తీసుకెళ్లినట్టే ఉంటుంది.

చేయాల్సింది ఇది. ఫిల్టర్ ఆపి, నీళ్లు పారబోసి, స్పాంజిలు, రింగులు తీసి వెడల్పాటి బకెట్లో వేసి, అవి మునిగేంత ట్యాంకు నీళ్లు పోసి, ఎయిర్ స్టోన్ పెట్టాలి. మూడో ఎయిర్ పంపు దీనికే. పంపు లేకపోతే నీళ్లు వంపేసి తడిగా మాత్రం ఉంచి, పైన తడి గుడ్డ కప్పినా సరే. నీళ్లలో ఊపిరాడకుండా ఉండేకంటే తడి గాలిలో ఉండటం బ్యాక్టీరియాకు మేలు. ఎండకూడదు, వేడెక్కకూడదు, కుళాయి నీళ్లు తగలకూడదు. బకెట్‌ను ఎండలో నిలిపిన బండిలో వదలకూడదు. తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచాలి, కడగొద్దు.

గులకరాళ్లను అందరూ తేలిగ్గా తీసుకుంటారు. నాలుగైదు సెంటీమీటర్ల లోతున ఏళ్ల తరబడి చేరిన మడ్డి ఉంటుంది. కదిపితే కాఫీ రంగు నీళ్లు వస్తాయి, అందులో అమోనియా ఉంటుంది. నల్లగా మారిన చోట్ల కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపలకు విషం. అందుకే చేపలు బయటికి వచ్చాకే గులకరాళ్ల జోలికి పోవాలి. డస్ట్‌పాన్ లాంటి చేటతో ఎత్తి, మిగిలిన ట్యాంకు నీళ్లలోనే నాలుగు విడతలుగా కలియబెట్టి వంపేశాను. నీళ్లు లేత టీ రంగుకు వచ్చేదాకా చాలు. మెరిసేదాకా తోమితే పైన అంటిన బ్యాక్టీరియా కూడా పోతుంది. తర్వాత బకెట్‌కు సగం మించకుండా ఐదు బకెట్లలో నింపాను. నిండా నింపితే ఎత్తలేం, పిడి ఊడుతుంది.

ట్యాంకును పూర్తిగా ఖాళీ చేసే ఎత్తాలి. రెండంగుళాల నీళ్లుంటే ఏమవుతుందిలే అనిపిస్తుంది. 120 సెంటీమీటర్ల ట్యాంకులో ఐదు సెంటీమీటర్ల నీళ్లంటే 27 కిలోలు. ఒక పక్క కాస్త వంగగానే ఆ బరువంతా అటు పారి సిలికాన్ అతుకులను చీలుస్తుంది. గులకరాళ్లతో ఎత్తినా అంతే. 40 లీటర్ల లోపు చిన్న ట్యాంకైతే అడుగున గట్టి పలక పెట్టి గులకరాళ్లతోనే మోయవచ్చు, పెద్దదానికి అది పనికిరాదు. నలుగురు నాలుగు మూలల దగ్గర అడుగు నుంచి పట్టుకోవాలి. పైన అడ్డంగా అతికిన అద్దపు పట్టీలు ట్యాంకు గోడలు ఉబ్బకుండా ఆపడానికి, చేతిపిడి కోసం కాదు. బండిలో థర్మోకోల్ మీద, ఎప్పుడూ కూర్చునే తీరులోనే కూర్చోబెట్టి, నాలుగు పక్కలా దుప్పట్లు బిగించాను. లోపల ఏ సామానూ పెట్టలేదు. ఖాళీగా ఉంది కదా అని పుస్తకాలు, గిన్నెలు సర్దేవాళ్లను ఆపాల్సి వస్తుంది.

చేరాక ముందు ఎయిర్ పంపులు నడుస్తున్నాయో లేదో చూశాను. ఒకదాని బ్యాటరీలు అప్పటికే నీరసించాయి. ట్యాంకును స్టాండు మీద పెట్టి, ఖాళీగా ఉన్నప్పుడే మళ్లీ రసమట్టం చూసి, మూడో వంతు కొత్త నీళ్లు నింపి, అతుకుల వెంట కింద టిష్యూ కాగితం పరిచి అరగంట ఆగాను. కారుతుంటే ముందుగా కాగితం చెబుతుంది. అరగంట ఎక్కువనిపించినా, 200 లీటర్లు నింపాక తడి కనిపిస్తే చేసేది ఏమీ ఉండదు. కాగితం పొడిగానే ఉంది, ఆ నీళ్లు తీసేసి గులకరాళ్లు, చెక్క, మొక్కలు పెట్టాను. గులకరాళ్ల మీద ఒక పళ్లెం బోర్లించి దాని మీద పాత నీళ్లు 120 లీటర్లు నెమ్మదిగా పోశాను. నీళ్లు ఫిల్టర్ పైపు మునిగేంత రాగానే ఫిల్టర్ పెట్టేశాను. నిండేదాకా ఆగలేదు.

ఫిల్టర్ బిగించేటప్పుడు మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు చూసుకోవాలి. ఒక్క ఇసుక రేణువు దాని కింద ఉన్నా రాత్రంతా చుక్క చుక్కగా కారుతుంది. తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాసి, మొదటి రాత్రి కానిస్టర్ కింద ట్రే పెట్టాను. కరెంటు వైర్లన్నీ ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచాలి, వైరు వెంట జారిన నీటి చుక్క ప్లగ్‌లోకి కాక నేల మీద పడుతుంది.

మిగతా 80 లీటర్లు యాంటీ క్లోరిన్ కలిపి, 26 డిగ్రీలకు తెచ్చిన కొత్త నీళ్లు. టీడీఎస్ 346కు చేరింది. హీటర్ పూర్తిగా మునిగాక అరగంట ఆగి ప్లగ్ పెట్టాను. ఆ తర్వాత బకెట్లలోకి పది నిమిషాలకోసారి ఒకటిన్నర లీటర్ల ట్యాంకు నీళ్లు, నాలుగుసార్లు. చేపలను మాత్రం పట్టి వదలాలి, బకెట్ నీళ్లు పారబోయాలి. ఏడు గంటల విసర్జన అందులో ఉంది.

ఈ నెమ్మదిగా కలిపే పద్ధతి ఎయిర్ పంపు నడిచిన బకెట్లకే సరిపోతుంది. దూర ప్రయాణంలో చేపలను మూసిన సంచుల్లో పంపితే వేరే లెక్క. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి ఉంటుంది. చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోతుంది. ఆ ఆమ్ల గుణం ఉన్నంతసేపు అమోనియా పెద్దగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే వాయువు పోయి పీహెచ్ లేస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే అమోనియాలో విష రూపం ఒక శాతం కూడా ఉండదు, 8 అయితే 5 శాతం దాటుతుంది. కాబట్టి పది పన్నెండు గంటలు మూసి ఉన్న సంచిని విప్పి, గంటసేపు చుక్క చుక్కగా నీళ్లు కలపడం ఆ చేపకు మేలు చేయదు. మూసిన సంచినే ట్యాంకులో 20 నిమిషాలు తేలనిచ్చి, వేడి సమానం కాగానే విప్పి, వెంటనే చేపను వదలాలి.

మొదటి రోజు లైటు వేయలేదు, మేత వేయలేదు. రెండో రోజు సాయంత్రం మామూలులో పావు వంతు. ఆ వారమంతా సగానికి మించలేదు. ప్రతి ఉదయం అమోనియా, నైట్రైట్ పరీక్షించాను. మూడో రోజు అమోనియా 0.25 చూపింది. 60 లీటర్లు మార్చాను, మర్నాడు సున్నా. ఐదో రోజు నైట్రైట్ 0.25, మళ్లీ 60 లీటర్లు. నైట్రైట్ మొప్పల గుండా రక్తంలోకి చేరి ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. నీళ్లలో క్లోరైడ్ ఉంటే అది లోపలికి రావడం తగ్గుతుంది. అందుకని 200 లీటర్లకు 20 గ్రాముల ఉప్పు కరిగించి పోశాను. ఇంత తక్కువ ఉప్పు కోరిడోరస్‌లకూ మొక్కలకూ ఇబ్బంది కాదు.

నాలుగో రోజు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. మడ్డి కదలడంతో నీళ్లలో వేరే రకం బ్యాక్టీరియా పెరగడం వల్ల అలా అవుతుంది. అప్పుడు ఫిల్టర్ విప్పి కడగాలన్న ఆలోచన వస్తుంది, అది చేయకూడదు. ఆక్సిజన్ తగ్గకుండా రెండో ఎయిర్ స్టోన్ వేసి వదిలేశాను. మూడు రోజుల్లో తేటపడింది.

తొమ్మిదో రోజు నుంచి రెండు రీడింగులూ సున్నా దగ్గరే ఉన్నాయి. పద్నాలుగో రోజున పరీక్షలు ఆపి, మామూలు మేతకు, వారానికి 40 లీటర్ల మార్పుకు వచ్చాను. ఫిల్టర్‌ను మాత్రం ఐదో వారంలో విప్పాను, అప్పుడు కూడా స్పాంజిలే పిండాను, రింగులను అలాగే ఉంచాను.